పందిట్లో లైటు స్టాండు పడిపోయింది, ఇప్పుడు ఏది కొనాలి?

ప్రశ్న: మాస్టారూ, మాది గుణుపురం. రెండేళ్ళుగా పెళ్ళిళ్ళకీ ఓణీల ఫంక్షన్లకీ ఫోటోలు తీస్తున్నాను. తెలుగువాళ్ళూ పిలుస్తారు, ఒడియావాళ్ళూ పిలుస్తారు. నా దగ్గర 200 వాట్-సెకన్ల బ్యాటరీ ఫ్లాష్ ఒకటి, దాని వెలుగు మెత్తగా పడేలా ముందు తగిలించే ఎనిమిది మూలల గుడ్డ పెట్టె, అదే 120 సెంటీమీటర్ల ఆక్టా సాఫ్ట్‌బాక్స్ ఒకటి, కెమెరా మీద పెట్టుకునే చిన్న ఫ్లాష్‌లు, అంటే స్పీడ్‌లైట్లు రెండు ఉన్నాయి. పోయిన నెల పర్లాకిమిడిలో ఒక పెళ్ళిలో సరిగ్గా తలంబ్రాల ముందు గాలి లేచి, ఆక్టా ఉన్న స్టాండు పడిపోయింది. పెళ్ళికూతురి పిన్నిగారి భుజానికి రాసుకుంటూ పడింది. ఆవిడకి దెబ్బ తగల్లేదు గానీ అందరి ముందూ మాటలు పడ్డాను. అప్పటినుంచి బయట లైటు పెట్టాలంటేనే టెన్షన్. స్టాండు డబ్బా మీద 5 కిలోలు మోస్తుందని రాసుంది. నా లైటూ ఆక్టా కలిపినా రెండున్నర కిలోలే. మరి ఎందుకు పడింది? పదివేల లోపల ఎలాంటివి కొనమంటారు? నేను స్కూటీ మీదా ప్యాసింజరు బండిలోనూ తిరిగేదాన్ని, మరీ బరువైతే మోయలేను.

సమాధానం: చెల్లెమ్మా, ఆవిడకి ఏమీ కాలేదన్న వాక్యం దగ్గర నేను ఊపిరి పీల్చుకున్నాను. మాటలు పడ్డందుకు బాధపడకండి. ఎందుకు పడిందో తెలుసుకోకుండా ఇంకో స్టాండు కొనేసేవాళ్ళనే నేను ఎక్కువమందిని చూశాను. మీరు ముందు కారణం అడిగారు. అక్కడినుంచే మొదలుపెడదాం.

డబ్బా మీద ఉన్న 5 కిలోల లెక్క అబద్ధం కాదు, కానీ అది మీరనుకునే లెక్క కాదు. గాలి లేని గదిలో, చదునైన నేల మీద, బరువు నిట్టనిలువుగా పైపు మీదే కూర్చుంటే, పైపు కిందికి జారకుండా, వంగకుండా ఎంత మోస్తుందో చెప్పే అంకె అది. పక్కకి తోస్తే పడకుండా ఎంత నిలుస్తుందో ఆ అంకె చెప్పదు. పందిట్లో జరిగేది ఆ రెండోది.

మీ ఇంట్లో ముక్కాలి పీట ఉంటే దానిమీద కూర్చుని చూడండి. ఒక కాలి వైపుకి ఒరిగితే గట్టిగానే ఉంటుంది. రెండు కాళ్ళ మధ్యన ఖాళీ ఉన్న వైపుకి ఒరిగితే చటుక్కున లేస్తుంది. లైటు స్టాండు కూడా ముక్కాలి పీటే, కాకపోతే రెండు మీటర్ల ఎత్తుది. దాని మూడు పాదాల్నీ కలుపుతూ నేల మీద ఒక వృత్తం గీస్తే అది మీటరు వ్యాసం ఉంటుందనుకుందాం. చూడ్డానికి మీటరు వెడల్పే. కానీ మధ్య పైపు నుంచి రెండు పాదాల మధ్య గీతకి ఉండే దూరం పాతిక సెంటీమీటర్లే. స్టాండు పడేది ఎప్పుడూ ఆ గీత మీదుగానే.

ఇప్పుడు గాలి సంగతి. 120 సెంటీమీటర్ల ఆక్టా ముఖం దాదాపు ఒక చదరపు మీటరు. గంటకి 18 కిలోమీటర్ల గాలి అంటే ఆకులూ చిన్న కొమ్మలూ ఆగకుండా కదిలే గాలి, మనం పెద్దగా పట్టించుకోని గాలి. అది ఆ ముఖానికి ఎదురుగా తగిలితే రెండు కిలోలకి కాస్త తక్కువ, అంటే 1.8 కిలోల బరువుతో తోసినట్టు. ఆ తోపు 2.2 మీటర్ల ఎత్తున పడుతోంది, దాన్ని ఆపాల్సింది కింద ఉన్న పాతిక సెంటీమీటర్లు. లెక్క కడితే స్టాండూ లైటూ అన్నీ కలిపి 16 కిలోలైనా ఉంటే తప్ప అది నిలవదు. మీ దగ్గరున్నది మొత్తం కలిపి నాలుగు కిలోలు ఉంటుందేమో. మీరేదో సరిగ్గా బిగించకపోవడం వల్ల పడలేదు, అది పడాల్సిందే.

అదే ఆక్టాని 1.6 మీటర్లకి దించి, పాదాల వృత్తం 1.2 మీటర్లు ఉన్న స్టాండు మీద పెట్టి చూడండి. అదే గాలికి 10 కిలోలు చాలు. ఎత్తు కొంచెం తగ్గి, కాళ్ళు కొంచెం పరుచుకుంటే ఆరు కిలోలు మిగిలాయి. అందుకే స్టాండు కొనేటప్పుడు నేను మొదట అడిగేది ఎంత మోస్తుందని కాదు, కాళ్ళు ఎంత వెడల్పు విచ్చుకుంటాయని. మీ మోత కష్టానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. బరువు ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది, మీరు మోసుకెళ్ళక్కర్లేదు. వెడల్పు మాత్రం దొరకదు, అది స్టాండులోనే ఉండాలి.

గాలి రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. గంటకి 36 కిలోమీటర్ల గాలికి పైన చెప్పిన 16 కిలోలు 64 అవుతాయి. చైత్ర వైశాఖాల్లో సాయంత్రం పూట మన వైపు లేచే కాళవైశాఖి గాలికి ఏ స్టాండూ, ఏ ఇసుక సంచీ చాలదు. పడమట మబ్బు నల్లబడి దుమ్ము లేచిందంటే, ముహూర్తం ఎంత దగ్గర్లో ఉన్నా సరే, ఆక్టా విప్పి కింద పెట్టెయ్యండి. ఫ్లాష్‌కి మామూలు చిన్న రిఫ్లెక్టర్ గిన్నె తగిలించి, స్టాండు దించి వాడండి. వెలుగు కొంచెం కటువుగా పడుతుంది, పడనివ్వండి.

ఇక కొట్లో ఏం చూడాలి. స్టాండుని పూర్తిగా పైకి లాగి, కాళ్ళు పూర్తిగా విప్పి నిలబెట్టమనండి. పై కొన పట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపు మెల్లగా తిప్పండి. మంచి స్టాండులో మీ చేతి తిప్పుకి పాదాలు నేల మీద జరగాలి తప్ప మధ్యలో పైపులు మెలితిరగకూడదు. తర్వాత కొనని ముందుకీ వెనక్కీ ఊపండి. ఊగడం ఎక్కడ మొదలవుతోందో చూడండి. సన్న పైపు దగ్గరైతే కొంత సహజం. కాళ్ళు మధ్య పైపుని పట్టుకునే కట్టు దగ్గర కదులుతుంటే ఆ స్టాండు వద్దు. నాసి స్టాండ్లలో ఆ కట్టు ప్లాస్టిక్‌ది, కాళ్ళ అడ్డపట్టీలకి పల్చటి రివెట్లు. రివెట్టు ఒకసారి లూజైతే ఇంక దాన్ని బిగించడానికి లేదు. లోహపు కట్టు, నట్టూ బోల్టూ ఉన్న కాళ్ళు అయితే ఏడాదికోసారి రెంచీతో మీరే బిగించుకోవచ్చు.

పైపు లావు కూడా చూడండి. మీ పాతదాంట్లో కింది పైపే రెండు వేళ్ళ మందం ఉండదనుకుంటాను. అలాంటిది స్పీడ్‌లైటుకి సరిపోతుంది, ఆక్టాకి కాదు. ఆక్టా మోసే స్టాండులో కింది పైపు 30, 35 మిల్లీమీటర్లు ఉండాలి, పైన చివరి పైపు 20కి తగ్గకూడదు. బిగించే మరల్ని చేత్తో తిప్పి చూడండి. పావు చుట్టులో పట్టేసి, మళ్ళీ అంత తేలిగ్గా వదలాలి. బిగించే కొద్దీ ఇంకా తిరుగుతూనే ఉండే మర ఆర్నెల్లలో అరిగిపోతుంది.

కొనమీద ఉండే పిన్ 16 మిల్లీమీటర్లది. ఫ్లాష్ పట్టుకునే బ్రాకెట్లన్నీ దాదాపు దానికే సరిపోతాయి. ఆ పిన్ మెడలో ఒక గాడి ఉంటుంది చూశారా, బ్రాకెట్ మర కొస సరిగ్గా ఆ గాడిలో పడేలా బిగించాలి. అలా పడితే మర కాస్త సడలినా బ్రాకెట్టు పైకి ఊడి రాదు. స్టాండు నిలబడే ఉండి, లైటు మాత్రం తల వాల్చి జారిన సంగతులు నేను చూశాను. తప్పు స్టాండుది కాదు, బ్రాకెట్టుది. స్టాండుకి డబ్బు పెట్టి బ్రాకెట్టు దగ్గర పొదుపు చెయ్యకండి.

ఎయిర్ కుషన్ ఉందా, స్ప్రింగ్ ఉందా అని కొట్టువాళ్ళు గొప్పగా చెప్తారు. మర సడలినప్పుడు లైటు ధబీమని కిందికి జారి వేళ్ళు నలగకుండా అది కాపాడుతుంది, అందుకు మంచిదే. స్టాండు పడకుండా మాత్రం అదేమీ చెయ్యదు.

ఉక్కా, అల్యూమినియమా అన్నదాని మీద నాకొక పాత బాధ ఉంది. నాది బరంపురం కాబట్టి పెళ్ళికి ముందు ఫోటోలంటే చాలామంది గోపాల్‌పూర్ బీచికే రమ్మంటారు. మొదట్లో నేను మెరుగు పూసిన మామూలు ఇనప స్టాండ్లు రెండు కొన్నాను. గట్టిగానే ఉండేవి. సముద్రం దగ్గర వాడి, ఇసక దులిపి, అలాగే సంచిలో పెట్టేసేవాణ్ణి. ఒక వర్షాకాలం గడిచి బయటికి తీస్తే ఒకదాంట్లో లోపలి పైపు సగం ఎత్తులో పట్టేసింది. పైకి రాదు, కిందికి దిగదు. లోపల అంతా తుప్పు. అప్పటినుంచి సముద్రం దగ్గర వాడిన స్టాండుని ఆ రాత్రే పైపులన్నీ లాగి మంచినీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టి, మర్నాడు గానీ మడవను. మీకు సముద్రం దూరం, వంశధార దగ్గర. అయినా గోపాల్‌పూర్ ఆర్డర్లు మీకూ వస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలు దొరికితే అదే తీసుకోండి. అల్యూమినియం తేలిక, తుప్పు పట్టదు, కానీ ఉప్పుకి తెల్లటి పొడి కట్టి దాని పైపులూ పట్టేస్తాయి. కడగడం దానికీ తప్పదు.

సినిమావాళ్ళు వాడే సి-స్టాండ్ గురించి మీరు వినే ఉంటారు. దాని కాళ్ళు మూడూ మూడు ఎత్తుల్లో ఉంటాయి కాబట్టి రెండు స్టాండ్లు పక్కపక్కనే చేర్చి పెట్టుకోవచ్చు. కొన్నిటిలో ఒక కాలు పైకీ కిందికీ జరుగుతుంది. గుడి మెట్ల మీదా, మహేంద్రగిరి వాలు మీదా, గండహాతి జలపాతం దగ్గర రాళ్ళ మీదా దానికి సాటి లేదు. నాకు చాలా ఇష్టమైన స్టాండు. అయినా మీకు ఇప్పుడు వద్దంటాను. ఒక్కోటి ఐదు కిలోలకి పైనే ఉంటుంది, మడిచినా పొడవు తగ్గదు, స్కూటీ మీద అడ్డంగా కట్టుకుని దారిన పోతే మీకూ ఎదురొచ్చేవాళ్ళకీ ప్రమాదం. ఎప్పుడైనా స్టూడియో పెడితే మొట్టమొదట అదే కొనండి. వాలు నేలే పదే పదే వస్తుంటే, ఒక కాలు జరిగే మామూలు స్టాండ్లు కూడా ఉన్నాయి, అది చూడండి.

మీ పదివేలకి నా సలహా ఇది. ఒక్క గట్టి స్టాండు కొనండి. 2.8 మీటర్ల వరకూ వెళ్ళేది, మూడు కిలోల దగ్గర తూగేది, స్టెయిన్‌లెస్‌ది. రెండు నాసివి కలిపి ఒక గట్టిది కాలేవు. 2.8 ఎందుకంటే అంత ఎత్తుకి లేపడానికి కాదు. రెండు మీటర్ల దగ్గర వాడేటప్పుడు పైన ఉండే సన్న పైపు లోపలే ఉండిపోవాలని. పొట్టి స్టాండుని చివరిదాకా లాగి వాడటం కంటే పొడుగు స్టాండుని సగంలో వాడటం ఎప్పుడూ గట్టి. మిగిలిన డబ్బుతో ఒక మంచి బ్రాకెట్టు, పైపుకి తగిలించే క్లాంపు ఒకటి, నాలుగు ఇసుక సంచులు. మూసేసే స్టూడియోల దగ్గర పాత స్టాండ్లు అమ్మకానికొస్తే సంకోచించకుండా వెళ్ళి చూడండి. పెయింటు పోయినా ఫర్వాలేదు, పైపులు నున్నగా జారుతూ, కట్టు గట్టిగా ఉంటే చాలు.

ఇసుక సంచులు కొనక్కర్లేదు కూడా. టైలర్‌తో మందపాటి రెక్సిన్‌తో రెండు జేబుల సంచి కుట్టించండి, మధ్యలో పట్టుకునే పట్టీతో, పాత రోజుల్లో సైకిలు మీద వేసుకెళ్ళే జోలె సంచుల్లాగ. జేబులకి గట్టి జిప్పు. ఖాళీగా మడిచి తీసుకెళ్ళండి. ఒక్కో జేబులో మూడు లీటర్ల పొడి ఇసుక పోస్తే సంచి పది కిలోలకి దగ్గరవుతుంది. పెళ్ళి ఇంటి వీధిలో ఎవరో ఒకరు ఇల్లు కట్టుకుంటూనే ఉంటారు, ఇసుక అడిగి తీసుకుని మళ్ళీ అక్కడే పోసేయండి. తడి ఇసుక మాత్రం సంచిలో ఉంచకండి, రెక్సిన్ కుళ్ళుతుంది, పైపుకి తుప్పు. ఇసుక లేకపోతే రెండు లీటర్ల నీళ్ళ సీసాలు పెట్టండి, ఒక్కోటి రెండు కిలోలు. ఏ పెళ్ళిలోనైనా వంటల దగ్గర 20 లీటర్ల నీళ్ళ టిన్నులు వరసగా ఉంటాయి. ఒక టిన్నుని రెండు కాళ్ళ మధ్య నేల మీద పెట్టి, సైకిలు ట్యూబుతో స్టాండు కట్టుకి బిగించి కట్టారంటే 20 కిలోలు మీ వెంట ఉన్నట్టే. ట్యూబు బిగువుగా ఉండాలి, వదులుగా కడితే స్టాండు కదలడం మొదలయ్యాక గానీ టిన్ను పట్టుకోదు. సంచి వేలాడదీసేటప్పుడు మాత్రం నేలకి తగలనివ్వకండి. నేలకి తగిలిన సంచి బరువు నేల మోస్తుంది, స్టాండుకి ఏమీ మిగలదు.

పెట్టే పద్ధతిలో కొన్ని అలవాట్లు చేసుకోండి. అడ్డపట్టీలు నేలకి సమాంతరంగా వచ్చేదాకా కాళ్ళు విప్పండి, అదే ఎక్కువ వెడల్పు. మధ్య పైపు నేలకి తగలకుండా చూసుకోండి. ఆక్టా ముందుకి బరువుగా వాలుతుంది కాబట్టి ఒక కాలు సరిగ్గా ఆక్టా చూసే వైపే ఉండాలి. చాలామంది మనుషులు తట్టుకుంటారని ఆ కాలు వెనక్కి తిప్పేస్తారు, అప్పుడు ముక్కాలి పీట ఖాళీ వైపుకి ఒరిగినట్టే. గాలి ఒకే వైపు నుంచి వస్తుంటే, గోపాల్‌పూర్‌లో సముద్రపు గాలిలా, సంచి ఆ వైపు కాలి మీద వెయ్యండి. ఎటు వస్తుందో తెలియకపోతే మధ్యకి దగ్గరగా వెయ్యండి. పెద్ద పెడెస్టల్ ఫ్యాన్లు ఎటు తిరుగుతున్నాయో కూడా చూసుకోండి. హాల్లో గాలి లేదనుకుంటాం గానీ, తలంబ్రాల వేళకి ఎవరో వచ్చి కూలర్ మన ఆక్టా వైపే తిప్పుతారు. ఒడియావాళ్ళ పెళ్ళిలో వధూవరుల చేతులు కలిపి హాతగొంఠి ముడి వేసే సమయానికి వేది చుట్టూ జనం ఒక్కసారిగా ముందుకొస్తారు, అది ముందే తెలుసుకుని స్టాండుని ఆ దారిలోంచి తీసెయ్యండి.

పందిరి రాటల్నీ, షామియానా పైపుల్నీ మరిచిపోకండి. మంచి క్లాంపులు 13 నుంచి 55 మిల్లీమీటర్ల పైపు వరకూ పట్టుకుంటాయి. షామియానా ఇనప పైపుకి చక్కగా సరిపోతుంది, మన స్పీడ్‌లైట్లు రెండూ అక్కడ పెడితే నేల మీద స్టాండ్లే ఉండవు, పిల్లలు తట్టుకునేదీ ఉండదు. లావు వెదురుకి క్లాంపు పట్టదు, అక్కడ వదిలెయ్యండి. ముహూర్తపు రాట జోలికి మాత్రం ఎప్పుడూ వెళ్ళకండి. దానికి పసుపు రాసి పూజ చేసి నిలబెట్టుకున్నారు. మనకెంత అవసరమైనా దానికి ఏదీ తగిలించకూడదు. ఏ రాటకి తగిలించినా ముందు పందిరి వేసినవాళ్ళనో ఇంటి పెద్దనో అడగండి.

బయట ఆక్టా వాడి తీరాలంటే స్టాండు దగ్గర ఒక మనిషి ఉండాలి. మీ తమ్ముడో, వీధిలో కాలేజీ పిల్లాడో, రోజుకింత అని ఇచ్చి పెట్టుకోండి. వాళ్ళ పని ఒకటే, చెయ్యి పైపు మీద ఉంచడం, గాలి లేస్తే కిందికి దించడం. ఆ డబ్బు మీ రేటులోనే కలిపి చెప్పండి. పెళ్ళివాళ్ళకి ఎందుకో వివరిస్తే కాదనరు.

పాత స్టాండుని పారెయ్యకండి. పడ్డప్పుడు పైపు ఎక్కడైనా నొక్కుకుపోయిందేమో వేలితో తడిమి చూడండి. నొక్కు ఉంటే లైటుకి పనికిరాదు, లోపల ఫోటోలప్పుడు వెలుగుని తిప్పికొట్టే రిఫ్లెక్టర్ పలక ఆనించుకోవడానికి ఉంచండి. నొక్కు లేకపోతే హాల్లో స్పీడ్‌లైటుకి వాడండి, లైటుకి తగిలించే గొడుగు లేకుండా.

కొత్తది వచ్చాక పెళ్ళికి తీసుకెళ్ళేముందు మీ పెరట్లో నిలబెట్టండి. ఫ్లాష్ బదులు అంతే బరువున్న సంచి ఒకటి కొనకి కట్టండి. సామాను తూచే చిన్న స్ప్రింగు త్రాసు ఇంట్లో ఉంటే దాని కొక్కెం లైటు ఉండే ఎత్తున తగిలించి, రెండు కాళ్ళ మధ్య ఖాళీ వైపుకి అడ్డంగా మెల్లగా లాగండి. అవతల ఒకరు పట్టుకోవడానికి సిద్ధంగా నిలబడాలి. ముల్లు రెండు కిలోలకి రాకముందే వెనక పాదం లేచిందంటే ఇసుక చాలలేదు. ఇంకాస్త పోసి మళ్ళీ లాగండి. పాదం లేవకుండా రెండు కిలోలు దాటిందంటే ఆ రోజు ఎత్తెంతో, సంచులెన్నో, కాళ్ళు ఎంత విప్పారో ఒక కాగితం మీద రాసి స్టాండు సంచిలోనే పెట్టుకోండి. పెళ్ళిలో హడావుడిలో లెక్కలు గుర్తురావు, ఆ కాగితం చూసి అలాగే నిలబెట్టండి.